గాలివాటం అంత తేలికేం కాదు

గాలివాటం అన్న మాటకి మనవాళ్ళు చాలా అన్యాయం చేశారు. "వాడిదంతా గాలివాటం" అంటే ఓ పద్ధతీ పాడూ లేకుండా, ఒళ్ళు అలవకుండా, ఎటు వీస్తే అటు కొట్టుకుపోయే రకం అని అర్థం. సొంతంగా ఓ తెరచాప పడవ కొనుక్కునేదాకా నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఎదురుగాలికి వెళ్ళడమే కష్టం, గాలి వెనకనుంచి వస్తుంటే కాళ్ళు చాపుకుని కాఫీ తాగడమేగా అని. 2022 ఆగస్టులో ఓ ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడ అరచేతి చర్మం తాడుతో పాటు ఊడిపోయాక గానీ నా అభిప్రాయం మారలేదు.

ఇది ఆ కథ. మధ్యలో కాస్త మెకానిక్కు పని కూడా వస్తుంది, ఓపిక పట్టండి.

ముందు పడవ సంగతి. మాది 1983లో తయారైన కాటలీనా 30. పేరులో ఉన్నట్టే ముప్ఫై అడుగుల పొడవు, దాదాపు 4,600 కిలోల బరువు. ఫైబర్‌గ్లాసు ఒళ్ళు, లోపల ఓ బుల్లి వంటగది, పడుకోడానికి చోటు, ఓ చిన్న డీజిల్ ఇంజను. పందేల కోసం కాదు, పెళ్ళాం పిల్లల్తో శని ఆదివారాలు తిరిగిరావడానికి చేసిన పడవ. ఇలాంటివి అమెరికాలో వేల సంఖ్యలో ఉన్నాయి, పాతవైతే కారు ధరకే దొరుకుతాయి. మేము 2019లో కొన్నాం. దాని మకాం సియాటిల్‌లోని షిల్‌షోల్ బే మరీనా.

ఇక్కడి సముద్రపు పాయని ప్యూజెట్ సౌండ్ అంటారు. వేసవిలో ఎండ బాగా కాస్తే గాలి ఎక్కువగా ఉత్తరం నుంచి వస్తుంది, అదీ నీరసంగా. ఉత్తరానికి వెళ్ళేటప్పుడు ఎదురుగాలి కాబట్టి పడవ ఏదో కదులుతుంది. తిరిగి వచ్చేటప్పుడే బాధ. వెనకనుంచి ఆరేడు నాట్ల గాలి, ముందు తెరచాప ఆరేసిన దుప్పటిలా వేలాడుతుంది. అప్పుడందరూ చేసేది ఇంజను వేసుకోవడం. డీజిల్ కంపు కొట్టుకుంటూ పోవడానికి తెరచాప పడవెందుకండీ?

దీనికి మందు స్పిన్నకర్. పడవ ముక్కు మీద బెలూన్‌లా ఉబ్బి కనిపించే రంగురంగుల పల్చటి తెరచాప మీరు ఫొటోల్లో చూసే ఉంటారు. పాతరకం స్పిన్నకర్‌కి రెండు పక్కలూ సమానం, దాన్ని నిలబెట్టడానికి ఓ పొడుగాటి గెడ కావాలి, ఆ గెడని అటూ ఇటూ మార్చడానికి మనుషులు కావాలి. అసిమెట్రికల్ రకానికి గెడ అక్కర్లేదు. దాని ముందు మూలని పడవ ముక్కుకి కడతారు, తల మూలని మాస్టు కొసకి లాగుతారు, వెనక మూలని తాడుతో కాక్‌పిట్‌లోంచి అదుపు చేస్తారు. ముందు మూల టాక్, వెనక మూల క్లూ. పైకి లాగే తాడు హాల్యార్డ్, క్లూని అదుపు చేసే తాడు షీట్. షీట్లు కుడికొకటి, ఎడమకొకటి. అంతే. మొగుడూ పెళ్ళాం ఇద్దరే తిరిగే పడవలకి ఇది సరిపోతుందని అందరూ చెబుతారు. నిజమే కూడా.

మాకు దొరికింది వాడిన తెరచాప. ముప్పావు ఔన్సు నైలాను, సుమారు 600 చదరపు అడుగులు, అంటే మా మామూలు ముందు తెరచాపకి రెట్టింపు. దానితో ఓ సాక్ కూడా ఇచ్చారు. గొడుగు తొడుగు లాంటి పొడుగాటి గుడ్డ గొట్టం అది. కింద గట్టి చుట్టు ఉంటుంది, తాడు లాగితే ఆ చుట్టు పైకి వెళ్ళి తెరచాప విచ్చుకుంటుంది, ఇంకో వైపు లాగితే కిందకి దిగి తెరచాపని మింగేస్తుంది. వీడియోల్లో చూస్తే చిన్నపిల్లలు కూడా చేసేలా ఉంటుంది.

నేను చేసిన తప్పంతా ఒక్క ముక్కలో చెప్పాలంటే, తెరచాప కొన్నాను. తెరచాప మాత్రమే కొన్నాను. మిగతాదంతా పడవ మీద ఉన్నవాటితో సరిపెట్టేశాను.

మా మాస్టు మీద పాతకాలపు జిబ్ హాల్యార్డ్ ఒకటి ఖాళీగా ఉంది. దానికే కట్టాను. టాక్‌ని ఓ బారెడు తాడుతో పడవ ముక్కుకి ముడేశాను. షీట్లని ఉన్న కప్పిల్లోంచే తిప్పి వించ్‌కి తెచ్చాను. మొత్తం గంటన్నర పని. ప్రశాంతంగా ఉన్న రోజు మరీనా బయట రెండుసార్లు ఎగరేసి చూశాం. బ్రహ్మాండంగా ఉంది. ఫొటోలు కూడా ఇండియాకి పంపించాం.

ఆ ఆదివారం కింగ్‌స్టన్ నుంచి తిరిగి వస్తున్నాం. అక్కణ్ణుంచి షిల్‌షోల్‌కి దాదాపు ఎనిమిది నాటికల్ మైళ్ళు. పది నాట్ల గాలి వెనకనుంచి, పడవ ఐదు నాట్లతో పోతోంది. ఎండ, నీళ్ళ చప్పుడు, ఇంజను లేదు. మా ఆవిడ షీట్ పట్టుకుని కూర్చుంది, నేను చక్రం దగ్గర ఉన్నాను. స్వర్గమంటే ఇదే అనుకున్నాం.

ఇక్కడ ఓ చిన్న లెక్క చెప్పాలి. ఈ లెక్క తెలీకపోవడమే వెనకగాలిలో అసలు ప్రమాదం. గాలి పది నాట్లున్నా మనమూ కాస్త ఏటవాలుగా అటే ఐదు నాట్లతో పోతుంటాం కాబట్టి మన ఒంటికి తగిలేది దాదాపు ఆరు నాట్లే. తెరచాపకీ అంతే. నా తెరచాప మీద అప్పుడు పడే బలం సుమారు 45 కిలోలు. గాలి నెమ్మదిగా పదిహేను నాట్లకి పెరిగి, పడవ ఆరు నాట్లు అందుకుంటే, ఒంటికి తగిలేది పది నాట్లు. ఇంకా హాయిగానే ఉంటుంది. కానీ బలం గాలి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కదా, అది 125 కిలోలు అయిపోతుంది. ఆ క్షణంలో పడవ అడ్డం తిరిగిందా, తగిలే గాలి పదహారు నాట్లు, బలం 300 కిలోల పైనే. గాలి మారలేదు, పడవ తిరిగిందంతే! ఎదురుగాలి మొహం మీద కొట్టి మరీ చెబుతుంది జాగ్రత్త అని. వెనకగాలి ఏమీ చెప్పదు.

మాకూ చెప్పలేదు. సగం దూరం వచ్చాక నీళ్ళమీద తెల్లటి నురగలు కనిపించాయి. చక్రం బరువెక్కింది. సరే, దించేద్దాం అని ఆటోపైలట్‌కి అప్పగించి ముక్కు దగ్గరకి వెళ్ళి సాక్ తాడు లాగాను. చుట్టు రెండడుగులు దిగి ఆగిపోయింది. నిండుగా ఉబ్బిన తెరచాపని గొట్టం ఎలా మింగుతుంది? ముందు షీట్ కాస్త సడలించి గాలి పోగొట్టాలి. అందుకని వెనక్కి తిరిగి గట్టిగా అరిచాను.

"షీట్ వదులు!"

నా ఉద్దేశం వదులు చెయ్యమని. రెండు మూడడుగులు. ఆవిడకి వినపడింది వదిలెయ్యమని.

తెలుగులో ఈ మాటకి రెండర్థాలున్నాయని నాకు యాభై ఏళ్ళు దగ్గరపడుతుండగా, సముద్రం మధ్యలో తెలిసింది. పాపం ఆవిడ చెప్పింది చెప్పినట్టు వించ్ మీద చుట్లన్నీ ఒక్కసారి తీసేసింది. 100 కిలోలకి పైగా లాగుతున్న తాడు చేతిలోంచి పరిగెత్తింది. గ్లవ్స్ లేవు. కెవ్వున అరిచింది. క్లూ ఎగిరి ముందుకెళ్ళింది, తెరచాప తుపాకులు పేల్చినట్టు కొట్టుకుంటోంది, ఆటోపైలట్ గందరగోళపడి పడవ ఊగింది. అంతే, ఆ 600 అడుగుల గుడ్డ ముందున్న ఫోర్‌స్టేకి చుట్టుకుని మధ్యలో బిగుసుకుని ఇసుకగడియారంలా తయారైంది. సాక్ కిందకి రాదు. హాల్యార్డ్ వదిలితే జారదు. టాక్ విప్పుదామంటే నేనేసిన ముడి రాయిలా బిగిసింది.

అదే సమయానికి దక్షిణం నుంచి ఓ కంటైనర్ ఓడ వస్తోంది. ప్యూజెట్ సౌండ్ మధ్యలో పెద్ద ఓడలకి దారులు ఉంటాయి, మేం సరిగ్గా ఆ దారిలో ఉన్నాం. పొట్టిగా ఐదుసార్లు హారన్ కొట్టాడు. ఐదు పొట్టి హారన్లంటే, నువ్వేం చేస్తున్నావో నాకర్థం కావట్లేదు, ప్రమాదం అని. నాకు మాత్రం ఏం అర్థమవుతోందీ?

వెనక్కి పరిగెత్తి ఇంజను తాళం మీద చెయ్యి వేశాను. మా ఆవిడ బాగున్న చేత్తో నా మణికట్టు పట్టుకుంది. "తాడు నీళ్ళల్లో ఉందండీ" అంది. చూస్తే నిజమే. షీట్ పడవ పక్కనే నీళ్ళల్లో ఈడ్చుకుంటూ వస్తోంది. ఇంజను వేసి గేరు మార్చి ఉంటే ఆ తాడు ప్రొపెల్లర్‌కి చుట్టుకునేది. ఇంజనూ పోయేది, ఓడ దారిలోనే ఉండేవాళ్ళం. వేసవిలో కూడా ఆ నీళ్ళు 12, 13 డిగ్రీలే. చెయ్యి కాలిన మనిషికి గుర్తొచ్చింది, బాగానే ఉన్న నాకు గుర్తురాలేదు.

తాడు పైకి లాగేశాం. అప్పుడు ఇంజను వేసి, పక్కకి తప్పుకుని, పెద్ద తెరచాపని రెండో పక్కకి మార్చాం. గాలి సుడి తిరిగే దిక్కు మారి చుట్లు వాటంతటవే విడిపోతాయని ఎక్కడో చదివాను, అది పనిచేసింది. తర్వాత చాకుతో టాక్ తాడు కోసేశాను. ఆవిడ ఎడంచేత్తో పడవ నడుపుతుంటే, నేనొక చేత్తో హాల్యార్డ్ జార్చుతూ ఇంకో చేత్తో తడిసిన నైలాను డెక్కు మీదకి ఈడ్చాను. అంతా అయ్యేసరికి నలభై నిమిషాలు.

ఆవిడ చెయ్యి మానడానికి నెలన్నర పట్టింది. దారిలో తిట్టలేదు. ఇంటికొచ్చాక ఒకటే అడిగింది. "ఎక్కించడానికి ఇన్ని ఏర్పాట్లు చేశారు కదా, దించడానికి ఏం చేశారు?"

సమాధానం లేదు. ఆఫీసులో ఎవరైనా కుర్రాడు రిలీజ్ అంటూ వస్తే రోల్‌బ్యాక్ ప్లాన్ ఏదని నిలదీసేది నేనే. ఇక్కడేమో అభిమన్యుడిలా లోపలికి పోవడం మాత్రం నేర్చుకుని వ్యూహంలో దూరిపోయాను, పక్కన ఆవిడని కూడా కూర్చోబెట్టుకుని. "ఇంక నేను రాను" అని కూడా అంది. ఆ మాట విన్నాక తెరచాప అమ్మేద్దామనే అనుకున్నాను. కానీ సాక్ విప్పి చూస్తే లోపం తెరచాపది కాదని తెలిసిపోతోంది. చలికాలమంతా అదే పని.

మొదట మాస్టు కొస. బోసన్స్ చెయిర్ అని ఉయ్యాల లాంటిదాంట్లో కూర్చుని, రెండు వేర్వేరు తాళ్ళకి కట్టుకుని పైకెళ్ళాను. అక్కడ చూస్తే తప్పు కళ్ళకి కట్టినట్టుంది. జిబ్ హాల్యార్డ్ బయటికొచ్చేది ఫోర్‌స్టే కింద నుంచి. జిబ్‌కి అదే సరైన చోటు. కానీ స్పిన్నకర్ ఫోర్‌స్టేకి ముందు ఎగురుతుంది, అటూ ఇటూ ఊగుతుంది. ఊగిన ప్రతిసారీ తాడు ఫోర్‌స్టేని రాసుకుంటుంది, అవకాశం దొరికితే చుట్టుకుంటుంది. హాల్యార్డ్ పై తొడుగు అప్పటికే సగం తెగి పీచులు వచ్చేసింది. స్పిన్నకర్ హాల్యార్డ్ ఫోర్‌స్టేకి పైనుంచీ, ముందునుంచీ రావాలి, దాని కప్పి ఎటైనా తిరగగలగాలి. పందేల పడవలకి ఈ ఏర్పాటు పుట్టుకతో ఉంటుంది. మాలాంటి షికారు పడవలకి చాలావాటికి ఉండదు. ఓ స్టీలు కొక్కెం ముందుకి పొడుచుకొచ్చేలా బిగించి, దానికి తిరిగే కప్పి తగిలించాను. అల్యూమినియం మాస్టుకీ స్టీలు బోల్టుకీ ఉప్పుగాలిలో పడదు, అల్యూమినియం పొడిపొడిగా తినేస్తుంది. అందుకని మధ్యలో పేస్టు పూసి బిగించాలి.

రెండోది ముక్కు. అక్కడ లంగరు దిగే రోలర్ ఉంటుంది, చాలామంది టాక్‌ని దానికే కట్టేస్తారు. లంగరు కిందకి లాగుతుంది, స్పిన్నకర్ పైకి లాగుతుంది. కింది లాగుడు కోసం చేసిన పాత రోలర్ పై లాగుడుకి వంగిపోతుంది. నేను ఫోర్‌స్టేని పట్టి ఉంచే గట్టి ఫిటింగ్‌కే ఓ కప్పి కట్టి, టాక్ తాడుని దాంట్లోంచి తిప్పి డెక్కు అంచునే కాక్‌పిట్ దాకా తెచ్చాను. ఇప్పుడు ఎవరూ ముక్కు దగ్గరకి పోకుండా టాక్‌ని వదలొచ్చు. గాలి బాగా వెనక్కి వెళ్ళినప్పుడు రెండడుగులు జార్చితే తెరచాప పక్కకి జరిగి గాలి బాగా పట్టుకుంటుంది, అది అదనపు లాభం.

మూడోది వెనక మూలలు. షీట్లు తిరగడానికి పాత కప్పిలు చాలా ముందున్నాయి, కొత్తవి పడవ చివర్లో పెట్టాలి. నాలుగు బోల్టులే కదా అని డెక్కుకి డ్రిల్లు పెట్టాను. కుడివైపు పొడి పొట్టు వచ్చింది. ఎడంవైపు వాడేసిన టీపొడిలా నల్లగా, తడిగా వచ్చింది. ఈ పడవల డెక్కు రెండు ఫైబర్‌గ్లాసు పొరల మధ్య ప్లైవుడ్. ఎప్పుడో ఎవరో వేసిన స్క్రూ పక్కనుంచి నీళ్ళు దిగి లోపల చెక్క కుళ్ళింది. పైకి నిగనిగలాడుతూ ఉంది! ఇరవై ఏళ్ళ పాత కోడ్‌లో ఒక్క లైను మార్చబోయి ఎప్పుడైనా పునాదులు చూశారా, సరిగ్గా ఆ అనుభవం. అలాగే బోల్టు బిగించేసి ఉంటే, ఆ 300 కిలోల రోజున కప్పి డెక్కుతో సహా ఊడి కాక్‌పిట్‌లోకి వచ్చేది. అక్కడ కూర్చునేది ఎవరో మీకు తెలుసు.

కన్నం పెద్దది చేసి, వంచిన మేకుని డ్రిల్లుకి పెట్టి చుట్టూ కుళ్ళిన చెక్కంతా గీకేసి, రెండు వారాలు హీటరు పెట్టి ఆరబెట్టి, ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో మళ్ళీ చిన్న కన్నం. కిందనుంచి మందపాటి ఫైబర్‌గ్లాసు పలక. పొడిగా ఉన్న కుడివైపు కూడా అంతే చేశాను. నాలుగు బోల్టులకి ఆరు వారాంతాలు.

నాలుగోది ఏ షాపులోనూ దొరకదు. మాటలు. 2023 వసంతంలో ఆవిడ మళ్ళీ పడవెక్కింది, కొన్ని షరతుల మీద. "వదులు" అన్న మాట పడవ మీద నిషిద్ధం. వించ్ మీద చుట్లు ఉంచి కొంచెం కొంచెంగా పంపాలంటే "జారనియ్యి". మొత్తం తీసెయ్యాలంటే "వదిలెయ్". విన్నవాళ్ళు ఆ మాట తిరిగి చెప్పాకే చెయ్యాలి. గ్లవ్స్ లేకుండా తాడు ముట్టుకోకూడదు. ఒంటికి తగిలే గాలి పది నాట్లయితే దించెయ్యడమే. ఇద్దర్లో ఎవరు "దించేద్దాం" అన్నా వాదన లేదు. ఈ చివరిది చాలా విలువైనది, మా ఇంట్లో ఇంకే విషయంలోనూ అమల్లో లేదు.

దించే వరస కూడా తనే కాగితం మీద రాసింది. పడవని గాలికి ఇంకా వీపు పెట్టేలా తిప్పి పెద్ద తెరచాప నీడలోకి తేవాలి. షీట్ జారనిచ్చి గాలి పోగొట్టాలి. సాక్ దించాలి. అప్పుడే హాల్యార్డ్. సాక్ ఇరుక్కుంటే టాక్ వదిలేసి, తెరచాప జెండాలా వెనక్కి వచ్చాక షీట్ పట్టి బూమ్ కిందుగా కాక్‌పిట్‌లోకి లాక్కోవాలి. ఇంజను తాళం ముట్టుకునేముందు తాళ్ళన్నీ లెక్కపెట్టాలి. నాలుగు నాట్ల గాలిలో పొద్దున్నే వెళ్ళి పన్నెండుసార్లు దించాం. ఎక్కించింది దించడం కోసమే.

జూలైలో అదే కింగ్‌స్టన్, అదే దారి. నురగలు కనిపించాయి. ఆవిడే ముందు అంది "దించేద్దాం" అని. నాకింకా ఓ పావుగంట ఆగొచ్చనిపించింది, నోరుమూసుకున్నాను. ఈసారి ముక్కు దగ్గర ఆవిడ, షీట్ దగ్గర నేను. "జారనియ్యి" అంది, "జారనిస్తున్నా" అన్నాను. రెండు నిమిషాలు పట్టలేదు. సాక్ మడతపెట్టి సంచిలో వేసి, ఫ్లాస్కులో కాఫీ తాగాం. గాలి అలాగే వీస్తోంది, మామూలు తెరచాపతో పడవ కాస్త నెమ్మదిగా పోతోంది. ఎవరికి తొందర?

పాత పడవకి ఈ తెరచాప పెట్టుకుందామనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. గుడ్డ కొనేముందు మీ పడవ చుట్టూ ఓసారి తిరగండి. పైన తాడు ఎక్కణ్ణుంచి వస్తోంది, ముందు మూలని బరువు మీద ఉండగా కాక్‌పిట్ నుంచి వదలగలరా, వెనక బోల్టుల కింద ఏముంది, మీ ఇద్దరి మధ్య మాటలేంటి. ఈ నాలుగూ దించడానికే పనికొస్తాయి. ఎక్కించడానికి వీటిలో ఒక్కటీ అక్కర్లేదు, అందుకే అందరం వీటిని మర్చిపోతాం.

తా.క.: ఇప్పుడు సాక్‌కి బదులు తెరచాపని నిలువుగా చుట్టేసే ఫర్లర్లు వచ్చాయి కదా అని అడుగుతారు. వచ్చాయి, బాగుంటాయట కూడా, ఖరీదెక్కువ. కానీ వాటికీ మాస్టు మీద అదే కొక్కెం, ముక్కు మీద అదే గట్టి ఫిటింగ్, వెనక అవే బోల్టులు కావాలి. "వదులు"కి మాత్రం ఇంకా ఏ కంపెనీ మందు కనిపెట్టలేదు.